నాట్స్ బెర్రీ ఫార్మ్: కౌలు రైతు పొలం థీమ్ పార్కు ఎలా అయ్యింది? తరచుగా అడిగే ప్రశ్నలు

నాట్స్ బెర్రీ ఫార్మ్ అంటే పొలమా, పార్కా?

ముందు పొలం, తర్వాత రెస్టారెంటు, ఆ తర్వాత పార్కు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్‌కు ఆగ్నేయంగా, బ్యూనా పార్క్ అనే ఊళ్ళో ఉంది. పేరులో బెర్రీ తోట ఉన్నా ఇవాళ అక్కడికి వెళ్ళేవాళ్ళు చూసేది రోలర్ కోస్టర్లు, నీటి రైడ్లు, పాత గనుల ఊరిలా కట్టిన వీధులు. నాట్ కుటుంబం ఇక్కడ 1920లో సాగు మొదలుపెట్టింది. 1997 డిసెంబరు చివరి వరకు పార్కు వాళ్ళ చేతుల్లోనే ఉంది.

చాలా థీమ్ పార్కులు ముందు కాగితం మీద పుడతాయి. స్థలం కొంటారు, ప్లాన్ గీస్తారు, అప్పు తెస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు. ఇక్కడ అలాంటి ప్లానేదీ లేదు. భోజనానికి వచ్చి గంటల తరబడి కాచుకున్న జనానికి ఏదో ఒక కాలక్షేపం చూపించాలని ఒక్కొక్కటీ కట్టుకుంటూ పోయారు. ఈ పార్కు చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది అదే.

వాల్టర్ నాట్ డబ్బున్న కుటుంబం నుంచి వచ్చాడా?

కాదు. 1889లో శాన్ బెర్నార్డినోలో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో తండ్రి పోయాడు. చిన్నప్పటి నుంచీ ఖాళీ జాగా కనిపిస్తే కూరగాయలు వేసి అమ్మేవాడు. 1911లో కార్డీలియా హోర్నడేను పెళ్ళి చేసుకున్నాడు.

ఆ తర్వాత మొహావీ ఎడారికి వెళ్ళారు. ప్రభుత్వ భూమిలో కాపురం ఉండి కొన్నేళ్ళు సాగు చేసి చూపిస్తే ఆ భూమి సొంతమయ్యే చట్టం అప్పట్లో ఉండేది. దాని కింద 160 ఎకరాలు తీసుకున్నారు. ఎడారిలో పంట ఎంత పండుతుందో చెప్పక్కర్లేదు. వాల్టర్ కూలి పనులకు కూడా వెళ్ళాల్సి వచ్చింది. భూమి పట్టా వచ్చింది కానీ బతుకు గడవలేదు. అక్కడి నుంచి షాండన్ అనే చోటికి వెళ్ళి కౌలుకు చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నారు. 1920లో బంధువు జిమ్ ప్రెస్టన్‌తో కలిసి బ్యూనా పార్క్‌లో 20 ఎకరాలు కౌలుకు తీసుకున్నారు. బెర్రీలు పండించి, రోడ్డు పక్కన చిన్న పాక వేసి అమ్మేవారు. సముద్ర తీరానికి వెళ్ళే కార్లన్నీ ఆ రోడ్డు మీదుగానే పోయేవి. ఇప్పుడు దాని పేరు బీచ్ బౌలవార్డ్. పంట సంగతి ఎలా ఉన్నా, ఆ రోడ్డే వాళ్ళకు అసలు పెట్టుబడి అయ్యింది.

1927లో పొత్తు ముగిసింది. వాల్టర్ ఆ భూమిలో 10 ఎకరాలు సొంతంగా కొన్నాడు. మరుసటి ఏడాది పాక స్థానంలో పక్కా కట్టడం లేచింది. ఒక పక్క బెర్రీల దుకాణం, ఒక పక్క నర్సరీ మొక్కలు, ఒక పక్క చిన్న టీ గది.

బాయ్సెన్‌బెర్రీని కనిపెట్టింది వాల్టరేనా?

కాదు, బతికించింది వాల్టర్. రుడాల్ఫ్ బాయ్సెన్ అనే ఆయన బ్లాక్‌బెర్రీ, రాస్ప్‌బెర్రీ, లోగన్‌బెర్రీ లాంటి రకాలను కలిపి కొత్త సంకరం తయారు చేశాడు. అది నిలదొక్కుకోకపోవడంతో వదిలేసి, పక్కనే ఉన్న ఆనహైమ్ ఊళ్ళో పార్కుల అధికారిగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే జార్జ్ డారో అనే శాస్త్రవేత్త ఈ పండు గురించి విని వెతుక్కుంటూ వచ్చాడు. వాల్టర్ సాయంతో బాయ్సెన్‌ను పట్టుకుని, ఆయన పాత పొలానికి వెళ్ళి చూస్తే కలుపు మొక్కల మధ్య కొన్ని బక్కచిక్కిన తీగలు మిగిలి ఉన్నాయి.

వాల్టర్ వాటిని తన పొలానికి తెచ్చి, సాకి, నిలబెట్టాడు. 1930ల మొదట్లో పండ్లు, మొక్కలు అమ్మకానికి పెట్టాడు. పెద్ద పండు, ముదురు ఊదా రంగు, బాగా రసం. పేరు మాత్రం తనది పెట్టుకోలేదు, బాయ్సెన్‌ది పెట్టాడు. వ్యాపారంలో ఇలాంటివి అరుదు కాబట్టే గుర్తు చేస్తున్నాను.

ఎనిమిది భోజనాలతో మొదలైందన్న కథ నిజమేనా?

నిజమే. 1934 జూన్‌లో కార్డీలియా తన టీ గదిలో ఎనిమిది మందికి వేయించిన చికెన్‌తో భోజనం పెట్టింది. ధర 65 సెంట్లు. వడ్డించింది తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళాల్లో. చికెన్‌తో పాటు సలాడ్, బిస్కెట్లు (అక్కడ బిస్కెట్ అంటే మెత్తటి బన్ను లాంటిది), బంగాళాదుంప ముద్ద, గ్రేవీ, చివర్లో బెర్రీలు కూరి కాల్చిన, పై అనే తీపి వంటకం.

అప్పుడు అమెరికా మహా మాంద్యంలో ఉంది. బెర్రీల మీద వచ్చే డబ్బు సరిపోవట్లేదు. ఇంటికి నాలుగు డబ్బులు రావాలని మొదలుపెట్టిందే తప్ప, రెస్టారెంటు నడపాలన్న కోరికేమీ లేదు. అయినా రుచి సంగతి నోటి మాటగా పాకింది. కొన్నేళ్ళలోనే ఆదివారాలు గంటల కొద్దీ నిలబడితే తప్ప టేబుల్ దొరకని పరిస్థితి వచ్చింది. పార్కు చరిత్ర రాసేవాళ్ళు వాల్టర్ బొమ్మ పెద్దగా, కార్డీలియా బొమ్మ చిన్నగా వేస్తుంటారు. నా లెక్కలో అది తిరగబడాలి. ఆమె వంటే లేకపోతే వాల్టర్ ఊరు కట్టి చూపించడానికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు?

సరే, భోజనాల క్యూ నుంచి పార్కు ఎలా పుట్టింది?

నిలబడ్డవాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోకూడదు కదా. వాల్టర్ ముందుగా రెస్టారెంటు చుట్టూ చిన్న చిన్న వింతలు పెట్టాడు. రాళ్ళ తోట, చిన్న జలపాతం, నీళ్ళ చక్రం, అద్దం వెనక తేనెటీగల పట్టు, పాతకాలపు మ్యూజిక్ బాక్సులు, అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇంట్లోని చలికాచుకునే నిప్పుగూడు నమూనా. ఒక బుల్లి అగ్నిపర్వతం కూడా. వీటికి ఒకదానితో ఒకటి పొంతన లేదు. ఏది దొరికితే అది, ఏది తోస్తే అది.

1940లో మాత్రం ఒక ఆలోచన కుదిరింది. వాల్టర్ అమ్మమ్మ వాళ్ళు 1868లో గుడారపు బండ్లలో టెక్సస్ నుంచి ఎడారి దాటి కాలిఫోర్నియాకు వచ్చారు. ఆ ప్రయాణం కథలు వింటూ పెరిగిన మనిషి ఆయన. ఆ కథను జనానికి చూపించాలనుకున్నాడు. గుడారపు బండ్ల ప్రయాణాన్ని పెద్ద చిత్రంగా గీయించి ప్రదర్శన పెట్టాలంటే దానికో కట్టడం కావాలి. కట్టడం పాతకాలపు హోటల్‌లా ఉంటే బాగుంటుంది. హోటల్ ఉంటే వీధి ఉండాలి, వీధి ఉంటే సెలూన్ (అక్కడ సెలూన్ అంటే సారా కొట్టు), కమ్మరి కొలిమి, జైలు, శ్మశానం ఉండాలి. అలా ఘోస్ట్ టౌన్ పెరిగింది. గనులు ఎండిపోయాక జనం వదిలేసి వెళ్ళిపోయిన ఊళ్ళను అక్కడ అలా పిలుస్తారు.

ఈ ఊరి రూపం వెనక చిత్రకారుడు పాల్ వాన్ క్లీబెన్ చెయ్యి చాలా ఉంది. బొమ్మలూ ఆయనే వేశాడు, ఇళ్ళ డిజైన్లూ ఆయనే చేశాడు, పాత ఊళ్ళ వెంట తిరిగి సామాను ఏరుకొచ్చాడు.

అందులోని ఇళ్ళు నిజంగా పాతవేనా?

కొన్ని అసలువి, కొన్ని నమూనాలు. ఎడారి ఊళ్ళలో కూలిపోతున్న ఇళ్ళను కొని, విప్పి, తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. దొరకని వాటిని పాత చెక్కతో కొత్తగా కట్టారు. ఏది అసలు, ఏది నకలు అని చూసేవాళ్ళకు తెలియకుండా కలిపేశారు. చరిత్రకారులకు ఇది నచ్చదు. అలాగే ఆ రోజుల పార్కులో అమెరికా ఆదివాసీలను చూపించిన తీరు తెల్లవాళ్ళ కథల్లోని తీరే. గుడారపు బండ్లు వచ్చేసరికి ఆ నేల మీద అప్పటికే మనుషులున్నారన్న సంగతి ఆ కథల్లో పక్కకు పోతుంది.

వినోదంగా మాత్రం బాగా కుదిరింది. జైల్లో శాడ్ ఐ జో అనే చెక్కబొమ్మ ఖైదీ ఉంటాడు. మీతో వచ్చినవాళ్ళు ముందుగా వెళ్ళి మీ పేరు, ఊరు చాటుగా చెప్పేస్తారు. మీరు కిటికీ దగ్గరికి వెళ్ళగానే జో మిమ్మల్ని పేరు పెట్టి పలకరిస్తాడు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. దశాబ్దాల పాటు పనిచేసింది.

క్యాలికో అనే పేరు పార్కంతా కనిపిస్తుంది. ఎందుకు?

క్యాలికో మొహావీ ఎడారిలోని అసలు వెండి గనుల ఊరు. 1881లో వెండి దొరికింది, 1890లలో ధర పడిపోయాక ఊరు ఖాళీ అయ్యింది. అక్కడి సిల్వర్ కింగ్ గనికి పెట్టుబడి పెట్టినవాళ్ళలో వాల్టర్ బంధువు ఒకరు ఉన్నారు. వాల్టర్ కూడా ఎడారిలో ఉన్నప్పుడు క్యాలికోలో కొన్నాళ్ళు పనిచేశాడు. 1951లో ఆ ఊరినే కొనేసి, పాత ఫొటోలు చూసి ఇళ్ళు బాగు చేయించాడు. 1966లో శాన్ బెర్నార్డినో కౌంటీకి (మన జిల్లా లాంటిది) రాసిచ్చేశాడు. ఇప్పుడది కౌంటీ నడిపే పార్కు.

అమెరికాలో మొదటి థీమ్ పార్కు ఇదేనా?

పార్కు వాళ్ళు అలాగే చెప్పుకుంటారు. ఇండియానా రాష్ట్రంలో 1946లో మొదలైన శాంటాక్లాజ్ ల్యాండ్ వాళ్ళు (ఇప్పుడు హాలిడే వరల్డ్) ఆ మాట తమదంటారు. డిస్నీ అభిమానులు డిస్నీల్యాండ్ తెరిచిన 1955 అంటారు. ఏ సంవత్సరాన్ని పుట్టినరోజు అనుకుంటారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. నాట్స్‌కు 1920 అంటే మరీ అతిశయం, అప్పుడున్నది బెర్రీల పాక. ఒకే కథ చుట్టూ ఒక ఊరు కట్టడం మొదలైన 1940ని తీసుకుంటే వాళ్ళ వాదనలో బలం ఉంది. నాట్స్ బెర్రీ ఫార్మ్ అన్న పేరు ఖాయమైంది 1947లో. అంతకుముందు నాట్స్ బెర్రీ ప్లేస్ అనేవారు.

డిస్నీల్యాండ్ వచ్చాక దెబ్బ తినలేదా?

అందరూ అలాగే అనుకున్నారు. 1955 జూలై 17న ఆనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచారు. నాట్స్ నుంచి పది పన్నెండు కిలోమీటర్లే. జరిగింది వేరు. డిస్నీల్యాండ్ కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని ఇక్కడికీ వచ్చారు. నాట్స్ వ్యాపారం పడిపోకపోగా పెరిగింది.

దీనికి ఇంకో కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. అప్పట్లో డిస్నీల్యాండ్‌కు టికెట్ ఉంది, నాట్స్‌లోకి నడిచి వెళ్ళడం ఉచితం. రైడు ఎక్కితేనో, భోజనం చేస్తేనో డబ్బు. ఒకరు కలల లోకం అమ్మారు, ఇంకొకరు పాత కాలం అమ్మారు. ఒకరి సరుకు ఇంకొకరి దగ్గర దొరకదు. వాల్ట్ డిస్నీ, వాల్టర్ నాట్ ఒకరి పార్కుకు ఒకరు వెళ్ళి వచ్చేవారు, మర్యాదగానే ఉండేవారు.

అయితే పోటీ ప్రభావం లేకుండా పోలేదు. జనం రైడ్లకు అలవాటు పడ్డారు. వీధులు, బొమ్మలు మాత్రమే చూపిస్తే ఇక చాలదు.

రైడ్లు ఎవరు కట్టారు?

మొదటిది రైలు అనుకోవచ్చు. 1952లో ఘోస్ట్ టౌన్ అండ్ క్యాలికో రైల్‌రోడ్ మొదలైంది. ఇది ఆటబొమ్మ రైలు కాదు. కొలరాడో కొండల్లో నిజంగా నడిచి, ఆ లైన్లు మూతపడుతున్నప్పుడు కొన్న నారో గేజ్ ఇంజన్లు, పెట్టెలు. ఇంజన్లు 1881లో తయారైనవి. మధ్య దారిలో దొంగలు ఎక్కి తుపాకులు చూపించి దోచుకున్నట్టు నటిస్తారు. పిల్లలకు అదే అసలు ఆకర్షణ.

తర్వాతి పెద్ద పేరు బడ్ హర్ల్‌బట్. ఈయన నాట్ కుటుంబం మనిషి కాదు, ఉద్యోగీ కాదు. సొంత డబ్బుతో రైడ్లు కట్టి, పార్కులో నడిపి, వచ్చిన దాంట్లో వాటా ఇచ్చే పద్ధతి. 1960లో క్యాలికో మైన్ రైడ్ కట్టాడు. గనిలోకి వెళ్ళే రైలు, లోపల గుహలు, గని కార్మికుల బొమ్మలు. క్యూ ఎంత పొడవుందో బయటి నుంచి తెలియకుండా మలుపుల్లో దాచేశాడు. ఇప్పుడు ప్రతి పార్కూ చేసే పని అది. 1969లో దుంగ పడవల రైడు (టింబర్ మౌంటెన్ లాగ్ రైడ్) వచ్చింది. ప్రారంభానికి నటుడు జాన్ వేన్ వచ్చి ఎక్కాడు. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

బయటివాడి డబ్బుతో రైడ్లు కట్టించుకోవడం కుటుంబ సంస్థకు బాగా కలిసొచ్చింది. అప్పుల టెన్షన్ తగ్గింది, రైడు ఆడకపోతే నష్టమూ పంచుకున్నట్టయింది.

టికెట్ ఎప్పటి నుంచి పెట్టారు?

1968లో. చుట్టూ కంచె వేసి, మొదటిసారి ప్రవేశ రుసుము పెట్టారు. 25 సెంట్లు.

కుటుంబంలో ఎవరెవరు ఏం చేసేవారు?

వాల్టర్, కార్డీలియాలకు నలుగురు పిల్లలు: వర్జీనియా, రస్సెల్, టోని, మారియన్. రెస్టారెంటు తొలి రోజుల్లో ఆడపిల్లలే వడ్డించేవారు. వర్జీనియా చిన్న బల్ల వేసుకుని కానుకల వస్తువులు అమ్మడం మొదలుపెట్టింది, అదే పెద్ద గిఫ్ట్ షాపు అయ్యింది. రస్సెల్ నిర్వహణలోకి వచ్చాడు. మారియన్ కొత్త విభాగాల డిజైన్ పనులు చూసుకునేది. మెక్సికో తీరులో కట్టిన ఫియెస్టా విలేజ్ 1969లో వచ్చింది.

వాల్టర్ రాజకీయాలు పార్కులో కనిపిస్తాయా?

కనిపిస్తాయి. ఆయన గట్టి రిపబ్లికన్, 1964లో ఆ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసిన బ్యారీ గోల్డ్‌వాటర్‌కు మద్దతుదారు. ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా స్వశక్తితో బతకాలన్నది ఆయన నమ్మకం. ఆయన జీవితం మొదలైందే ప్రభుత్వం ఇచ్చిన 160 ఎకరాలతో కదా అని ఎవరైనా అడిగితే ఏమనేవాడో! 1966లో, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందిన ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాల్‌కు ఇటుక ఇటుక కొలిచినట్టు నమూనా కట్టించాడు. లిబర్టీ బెల్ అనే పగిలిన గంట నమూనాతో సహా. దానికి టికెట్ లేదు.

పార్కు ఆధునిక రోలర్ కోస్టర్లలోకి ఎప్పుడు దిగింది?

1975లో. ఆ ఏడాది వచ్చిన కార్క్‌స్క్రూ, ప్రయాణికులను తలకిందులు చేసి తిప్పిన ఆధునిక ఉక్కు కోస్టర్లలో మొదటిది. యారో (Arrow) అనే కంపెనీ తయారు చేసింది. అంతకుముందు 19వ శతాబ్దం చివర్లో తలకిందుల కోస్టర్లు లేకపోలేదు, కానీ మెడలు పట్టేసేవి, నిలవలేదు. 1978లో మాంటెజూమాస్ రివెంజ్ వచ్చింది. కొండెక్కి దిగే పద్ధతి కాకుండా, పెద్ద చక్రంలో దాచిన శక్తితో బండిని ఒక్కసారిగా విసిరేది.

డబ్బు తెచ్చిన ఇంకో ఆలోచన 1973 నాటి హాలోవీన్ రాత్రులు. అక్టోబరు చివర్లో కొన్ని రాత్రులు దెయ్యాల వేషాలతో భయపెట్టడం. ఘోస్ట్ టౌన్ ఎలాగూ ఉంది, పొగ వదిలితే చాలు. ఇప్పుడది వారాల తరబడి సాగుతుంది. అమెరికాలో చాలా పార్కులు దీన్ని చూసే నేర్చుకున్నాయి.

1983లో పిల్లల కోసం క్యాంప్ స్నూపీ కట్టారు. పార్కుకు సొంత కార్టూన్ పాత్రలు లేవు, చార్లెస్ షుల్జ్ సృష్టించిన స్నూపీని లైసెన్సు మీద తెచ్చుకున్నారు. 1992లో మిన్నెసోటాలోని మాల్ ఆఫ్ అమెరికా లోపల కూడా ఇంకో క్యాంప్ స్నూపీ నడిపారు.

ఇంత బాగా నడుస్తుంటే ఎందుకు అమ్మేశారు?

కార్డీలియా 1974లో, వాల్టర్ 1981లో పోయారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మనవల తరం వచ్చింది. వాటాదారులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికీ పార్కు మీద ఉండే మమకారం, డబ్బు అవసరం వేరువేరుగా ఉంటాయి. అదే సమయంలో రైడ్ల ఖర్చు విపరీతంగా పెరిగింది. తేనెటీగల పెట్టెతో జనాన్ని నిలబెట్టే రోజులు పోయి, ఒక్కో కోస్టర్‌కు పెద్ద మొత్తాలు పోయాల్సిన రోజులు వచ్చాయి. పక్కనే డిస్నీ, ఇంకాస్త దూరంలో యూనివర్సల్, మ్యాజిక్ మౌంటెన్ అనే పోటీ పార్కులు.

1997లో ఒహాయోకు చెందిన సెడార్ ఫెయిర్ కంపెనీకి అమ్మారు. విలువ సుమారు 24.5 కోట్ల డాలర్లు. డిస్నీ కూడా అడిగిందనీ, తాత కట్టినదంతా తుడిచిపెట్టుకుపోతుందని కుటుంబం ఒప్పుకోలేదనీ చెబుతారు. నా ఉద్దేశంలో అమ్మడం ఓటమేమీ కాదు. మూడు తరాల పాటు ఇంటి పేరుతో, ఇంటి మనుషులతో నడవడమే పెద్ద సంగతి. చాలా కుటుంబ సంస్థలు రెండో తరంలోనే పంచాయితీల్లో పడతాయి.

జామ్ సీసాల మీద నాట్స్ పేరు ఉండేది కదా, అదీ పార్కు వాళ్ళదేనా?

మొదట్లో వాళ్ళదే. ఆహార వ్యాపారాన్ని పార్కు కంటే ముందే, 1995లో, కాన్‌ఆగ్రా అనే ఆహార కంపెనీకి అమ్మారు. 2008లో జామ్ బ్రాండు స్మకర్ అనే ఇంకో ఆహార కంపెనీ చేతికి వెళ్ళింది. పార్కు ఒకరిది, సీసా మీది పేరు ఇంకొకరిది అయిపోయింది.

ఇప్పుడు యజమాని ఎవరు? ఏం మారింది?

2024 జూలైలో సెడార్ ఫెయిర్, సిక్స్ ఫ్లాగ్స్ అనే ఇంకో పార్కుల కంపెనీ విలీనమయ్యాయి. విలీన సంస్థ పేరు సిక్స్ ఫ్లాగ్స్. నాట్స్ ఇప్పుడు దాని కింద ఉంది. అమ్మకం జరిగిన ఏడాదికే, 1998 డిసెంబరులో, ఘోస్ట్‌రైడర్ అనే పెద్ద చెక్క కోస్టర్ వచ్చింది. తర్వాత 2002లో ఎక్సెలరేటర్, 2004లో సిల్వర్ బుల్లెట్. కొందరు పాత అభిమానులు పార్కు మొహం ఉక్కుతో నిండిపోయిందని గొణిగారు. అందులో కొంత నిజముంది. కానీ తర్వాతి ఏళ్ళలో మైన్ రైడ్, లాగ్ రైడ్‌లను తీసెయ్యకుండా బాగు చేయించారు. ప్రతి వసంతంలో బాయ్సెన్‌బెర్రీ పండగ కూడా పెడుతున్నారు.

నాట్ కుటుంబం కాలం నాటివి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పొద్దున్నే గేటు తెరవగానే అందరూ కోస్టర్ల వైపు పరుగెత్తుతారు. మీరు ఘోస్ట్ టౌన్ వైపు తిరగండి. రైలు, మైన్ రైడ్, లాగ్ రైడ్, తొట్టెలో ఇసుక జల్లించి బంగారు రేకులు వెతికే చోటు దగ్గర దగ్గరలోనే ఉంటాయి. బర్డ్ కేజ్ అనే నాటకశాలను కూడా చూడండి. నటుడు స్టీవ్ మార్టిన్ పేరు రాకముందు అక్కడే ప్రదర్శనలిచ్చేవాడు. చికెన్ రెస్టారెంటు, ఇండిపెండెన్స్ హాల్ గేటు బయటే ఉన్నాయి, వాటికి పార్కు టికెట్ అక్కర్లేదు.

1975 నాటి కార్క్‌స్క్రూ కూడా ఎక్కొచ్చా?

ఇక్కడ లేదు. విప్పి అమ్మేశారు. ఐడహో రాష్ట్రంలోని సిల్వర్‌వుడ్ పార్కు కొని, 1990లో తన దగ్గర నిలబెట్టుకుంది.